కుట్టేసిన మడత

రోజూ వేసుకోవచ్చా అట! అడగడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందో గానీ, విని ఊరుకోవడానికి తనకి మనసెలా ఒప్పిందో, అది ఇంకా ఆశ్చర్యం. మీటింగు గది బయట, కూర్చుంటే నడుం దాకా లోపలికి దిగిపోయే మెత్తటి సోఫా అంచున, దిగిపోకుండా రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించి, ఆ పాదాలకున్న తెల్లటి బూట్ల వైపు చూస్తూ ఆమె ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి నములుతోంది. అద్దం తలుపు వెనక ఎవరో నవ్వారు. పిలుస్తాం, కాసేపు కూర్చోండి మేడమ్ అన్నారు, కూర్చుంది. ఈ ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగమే అది కదా: వేసుకోవడం, కూర్చోవడం, లేవడం, నడవడం, చివరికి ఒక్క మాట చెప్పడం. ఆడవాళ్ళ బూట్లలో కొత్త మోడల్ ఏదొచ్చినా మొదట ఆమె కాళ్ళకే తొడుగుతారు. ఆరో నంబరుకి అచ్చుపోసినట్టుండే పాదాలు. అందుకే లైనులో కుట్టుమిషను ముందు నుంచి లేపుకొచ్చి ఈ పనిలో పెట్టారు, అందుకే క్యాంటీన్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను 'ఆరో నంబరు' అనే పిలుస్తారు. కొత్త జత వేసుకుని రోజంతా మామూలు మనిషి బతికినట్టు బతకాలి. బస్సెక్కాలి, క్యూలో నిలబడాలి, తడి నేల మీద నడవాలి, గొంతుక్కూర్చుని అడుగు అరలో డబ్బా తీయాలి. మర్నాడు లోపలికి పిలుస్తారు. ఆమె 'రోజువారీ' అంటే పెట్టె మీద ఆ ముద్ర పడుతుంది, దుకాణాల్లో ముందు వరుసలో పెడతారు. 'కాదు' అంటే మళ్ళీ డిజైన్ వాళ్ళ బల్ల మీదకి పోతుంది. ఇన్నేళ్ళలో ఎవరి మొహమూ చూసి ఆ మాట చెప్పలేదు, కాలు ఏం చెబితే అదే పైకి చెప్పింది.

అరికాలి మంట నెత్తికెక్కిందని ఎన్నోసార్లు అంది గానీ, ఇలా ఎప్పుడూ జరగలేదు. అరికాలు హాయిగా ఉంది, నెత్తి ఒక్కటే మండుతోంది. అసలు బాధంతా అదే. ఎక్కడో ఒక చోట ఒరుసుకుని చచ్చినా బాగుండేది. మడమ మీద ఒక బొబ్బ, చిటికెన వేలి పక్కన కాస్త కమిలిన మచ్చ, ఏదో ఒకటి ఉంటే లోపలికి వెళ్ళి తలెత్తి 'కాదు' అనేసి వచ్చేది. నిన్న పొద్దున్నించీ దాని కోసమే వెతుకుతోంది. బస్సులో బరువంతా ఒంటికాలి మీదే వేసి నిలబడింది, ఏమీ కాలేదు. బాత్రూంలో సబ్బు నీళ్ళ మీద కావాలని అడుగేసింది, జారలేదు. ఇంటి బయటి మేడ మెట్లు పనీపాటా లేకుండా ఎక్కి దిగుతుంటే, ఏం పోగొట్టుకున్నావే అని అన్నయ్య అడిగాడు. ఏమీ లేదులే అంది, దొరకాల్సింది దొరకడం లేదని మనసులో అనుకుంది. దిక్కుమాలిన బూటు, ఎంత బాగుందో! ఒకప్పుడు తను ఇక్కడే వేసుకున్న పాతదాని బరువులో సగం లేదు. పాతది వేసుకుని సాయంత్రం దాకా ఉంటే కాళ్ళు కాళ్ళలా ఉండేవి కావు, ఎవరివో అరువు తెచ్చి తగిలించుకున్నట్టుండేవి. ఇదేమో అసలు వేసుకున్నట్టే లేదు. తోలు మెత్తన, లోపల అడుగు మెత్తన, ముందు వైపు వేళ్ళు ఆడించుకోవడానికి చోటు. చేసినవాడికి పని రాదని అనడానికి వీల్లేకుండా చేశాడు, వాడి పని తగలెయ్య.

ఆ చేసినవాడు, డిజైన్ సెక్షన్లో అందరూ కళ్ళజోడు అని పిలిచే మనిషి, చెడ్డవాడైనా బాగుండేది. నిన్న పొద్దున పెట్టె రెండు చేతుల్తో పట్టుకొచ్చి, పసిబిడ్డని చూపించినట్టు మూత తీసి చూపించాడు. "మన పాత బాస్కెట్‌బాల్ షూకి కొత్త అర్థం చెప్పాం మేడమ్" అన్నాడు. కొత్త అర్థం! పాత అర్థం ఎవరు చెప్పారు నాయనా నీకు, అనబోయి ఊరుకుంది, ఎందుకంటే అప్పటికే ఆమె కళ్ళు ఆ మడత మీద పడ్డాయి. చీలమండని చుట్టుకుని పైకి ఉండాల్సిన ఎత్తు కాలర్, బయటి వైపుకి మడిచి ఉంది, లోపలి ఎర్రగుడ్డ పైకి కనిపిస్తోంది. "ఈ మడతే దీని ప్రాణం మేడమ్. స్టోర్ రూంలో ఒక పాత ఫొటో దొరికింది, మన ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు. అందరి కాలర్లూ ఇలాగే మడిచి ఉన్నాయి. అప్పట్లో అదో స్టైల్ అనుకుంటా! చూడగానే పట్టేశా." స్టైలట. పట్టేశాడట. ఆ ఫొటోలో బంతి పట్టుకుని ముందు వరుసలో కూర్చున్న బక్కపిల్ల ఎదురుగా నిలబడి ఉందని వాడికి తెలియదు, చెప్పాలని ఆమెకీ అనిపించలేదు. ఫొటో చూపించాడు. తీసినవాడెవడో గానీ, వెనక వరుసలో పొడుగు మనిషి తల పైన కోసేశాడు. మెడ దాకా ఉంది, భుజాలున్నాయి, మడిచిన కాలర్లున్నాయి, మొహం లేదు. మొహం లేకపోతేనేం, ఆ భుజాలు చూస్తే ఆమెకి తెలియదా? నిచ్చెన. జట్టంతా అలాగే పిలిచేవారు. ఇప్పుడామె ఆరో నంబరుకి వదిన.

స్టైలా? ఆ గదిలో ఒక్కరైనా మిషను ముందు కూర్చుని చూశారా? పొద్దున కూర్చుంటే కాలు పెడల్ మీద పైకీ కిందకీ, పైకీ కిందకీ, చీలమండ ఆడుతూనే ఉండాలి. ఎత్తు కాలర్ అంచు అక్కడే కొరుకుతుంది. వారం తిరిగేసరికి చర్మం లేచిపోయి మేజోడు అంటుకుపోయేది, ఇంటికెళ్ళి నీళ్ళు పోసి నానబెట్టి ఊడదీసుకునేవాళ్ళు. అయితే పనిలో వేరే బూట్లు వేసుకోవచ్చు కదా అని ఇప్పటివాళ్ళు అడుగుతారు. ఎక్కణ్ణించి వస్తాయమ్మా? మనిషికి ఒక జత, అది రూలు. బూట్లు లేకుండా లైనులోకి రాకూడదు, అదింకో రూలు. జట్టులో ఉన్నవాళ్ళకి ఆట బూట్లు ఇచ్చారు కాబట్టి పని బూట్లు ఇవ్వరు, ఈ రెండు రూళ్ళకీ పుట్టిన మూడో రూలు. బూట్లు చేసే ఫ్యాక్టరీలో బూట్లకి కరువు! వానకీ అవే, ఎండకీ అవే, తోటిపిల్ల పెళ్ళికి కొత్త బట్టల కింద అవే, తన నాన్న పోయినప్పుడు పాడె వెనక నడిచింది కూడా వాటితోనే. రోజూ వేసుకోవచ్చా అని అప్పుడెవరూ అడగలేదు. ఆ కాలర్ని మొదట మడిచింది నిచ్చెన. మిషను ఆపకుండా, ఒక చేత్తో గుడ్డ తోస్తూనే రెండో చేత్తో వంగి, చటుక్కున మడిచేసింది. పక్క మిషను మీదున్న తను చూసింది, తనూ మడిచింది. మధ్యాహ్నానికి వరసంతా ఎర్రగా కనిపించింది. భోజనం గంట కొట్టగానే నాలుగు ముద్దలు మింగి, డబ్బాలు మూసీ మూయకుండా, గోదాము వెనక సిమెంటు నేల మీదకి పరిగెత్తుతూ, ఒంటికాలి మీద గెంతుతూ గెంతుతూ కాలర్లు పైకి లాక్కునేవాళ్ళు. పగలు మడత, ఆటకి ఎత్తు. అంత చిన్న సంగతి. ఎవరూ నేర్పలేదు, నేర్చుకోవడానికి ఏముంది గనక అందులో, చర్మం ఉన్నవాళ్ళకి?

సూపర్వైజరు కళ్ళబడింది గానీ ఆ ఎరుపు ఆయనకి పడలేదు. "కంపెనీ షూ పాడు చేస్తున్నారు" అన్నాడు. "ఇది ఆడటానికిచ్చింది, రోజూ వేసుకోవడానికి కాదు" అన్నాడు. అక్షరాలా అదే మాట! ఆమెకి ఇప్పటికీ ఆ గొంతు చెవిలో ఉంది. మరి రోజూ వేసుకోకుండా గేటు దాటనిస్తారా సార్, అని తను అడిగింది కూడా. ఆరో నంబరుకి పాదాలు కొలత ప్రకారం ఇచ్చిన దేవుడు నోటికి మాత్రం కొలత పెట్టలేదని అప్పట్లోనే పేరు. ఎదురు మాట్లాడినందుకు గోదాములో నిలబెట్టాడు. ఆయన రిటైరై, పోయి కూడా చాలా కాలమైంది. కోపం చూపించుకోవడానికి మనిషి కూడా మిగలలేదు. కోపం మాత్రం పోలేదు, ఇంట్లో ఎవరూ పారేయని పాత మంచంలా ఎటు నడిచినా మోకాలికి తగులుతూనే ఉంది.

లోపల కుర్చీ జరిపిన చప్పుడు. పిలుస్తారేమో అని లేవబోయింది, పిలవలేదు. ఏసీ గాలి తిన్నగా మెడ మీదకే వస్తోంది. గోడకి ఆ ఫొటోనే తలుపంత చేసి తగిలించారు, ఇవాళ కొత్తగా, అంటు జిగురు వాసన ఇంకా పోలేదు. పక్కనే పెద్ద అక్షరాల్లో, 'మైదానం నుంచి మీ రోజులోకి.' సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. పోనీ సోకు చేసుకోండి, ఎవరి సొమ్మో ఒక్క ముక్క అడగొచ్చు కదా? ఫొటోలో ఉన్నవాళ్ళు ఎవరూ, ఉన్నారా, పోయారా, ఉంటే ఎక్కడున్నారూ అని ఈ భవనంలో ఒక్కరికైనా నోరు రాలేదే! ఒకామె రోజూ ఇదే కారిడార్లో నడుస్తోంది, వాళ్ళ బూట్లే వేసుకుని. ఇంకొకామె బస్సెక్కితే కాస్త దూరంలోనే ఉంది, వాళ్ళ పుణ్యమా అని కుంటుతూ.

ఆ రోజు సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి విజిల్ దగ్గరే ఆగిపోతుంది. పై ఊళ్ళ నుంచి కొనుగోలుదార్లు వచ్చారు, జట్టు ఆట చూపించాలన్నారు. భోజనం గంట కాదు, ఏ గంటా కాదు, పని మధ్యలో, మిషన్ల మీద నుంచి లేపేశారు. పదండి పదండి, దొరలు ఎండలో నిలబడ్డారు! దారాలు కూడా తెంపకుండా పరిగెత్తారు. నిచ్చెన గీత దగ్గర వంగి కుడి కాలర్ ఎత్తింది. ఎడమది పట్టుకుంది. అంతలో సూపర్వైజరు విజిల్ ఊదేశాడు, బంతి గాల్లోకి లేచింది, బంతి లేస్తే నిచ్చెన లేవకుండా ఉంటుందా? లేచింది. అందరికన్నా ఎత్తు లేచింది. దిగినప్పుడు ఎడమ కాలు లోపలికి మడత పడింది. ఆ చప్పుడు ఆరో నంబరు మళ్ళీ ఎక్కడా వినలేదు, వినక్కర్లేదు కూడా. మర్నాడు నోటీసు బోర్డు మీద, కంపెనీ ఇచ్చిన షూని నిబంధనలకి విరుద్ధంగా మడిచి ధరించినందువల్ల జరిగిన ప్రమాదం కనుక కంపెనీకి బాధ్యత లేదు, అని. జట్టు నుంచి తీశారు. ఇక పెడల్ తొక్కలేని మనిషి కనుక పనిలోంచీ తీశారు. కట్టుతో గేటు దాటలేక నిలబడిపోతే, మిషన్లు బాగుచేసే అన్నయ్య తన సైకిలెక్కించుకుని దింపొస్తానని బయల్దేరాడు. ఎక్కించుకున్నాడు గానీ ఈ రోజు దాకా దించలేదు. ఇంట్లో అదొక హాస్యం. ఆ హాస్యానికి అందరూ నవ్వుతారు, వదిన అందరికన్నా ఎక్కువ నవ్వుతుంది, నవ్వుతూనే గోడ పట్టుకుని లేస్తుంది.

మడిస్తే వదినది తప్పు. మడిస్తే వీళ్ళది డిజైను. ఏం న్యాయం ఇది? ఆమె వేళ్ళు ఎప్పుడు వంగాయో వంగి ఎడమ బూటు మడత కింద దూరాయి, ఎత్తడానికి. నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఇలా అయిందో. లేవదు. లోపల సన్నటి కుట్టు, చూస్తే కనపడనంత నాజూకు కుట్టు, చుట్టూతా వేసేశారు. సరే, 'కాదు' అనేస్తే? ఎందుకని అడగరు, ఎప్పుడూ అడగలేదు, ఆమె మాట మీద అంత నమ్మకం. రెండక్షరాలు చాలు. ఇంత సొగసూ, ఈ గోడ నిండా ఫొటో, ఈ అక్షరాలూ, అన్నీ బల్ల మీదకి వెనక్కి పోతాయి. కడుపు చల్లబడుతుంది. కానీ అది అబద్ధం కదా. బాగున్న బూటుని బాగాలేదన్నాక, రేపు ఇంకో జత వేసుకున్నప్పుడు ఈ పాదాల మాట తనే నమ్మగలదా? ఈ ఫ్యాక్టరీ ఆమెకిచ్చింది తక్కువ. వదిన దగ్గర లాక్కుంది ఎక్కువ. ఆమె చేతిలో సొంతంగా ఉన్నదల్లా ఆ ఒక్క మాటే. దాన్ని కూడా వీళ్ళ కోసం పాడు చేసుకోవాలా? పోనీ 'రోజువారీ' అంటే? ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఆమె చేత్తో ఆమే వేసినట్టు. ఇది స్టైలే, చర్మం ఊడలేదు, కాలు విరగలేదు, ఎవరూ ఎవర్నీ గేటు దగ్గర నిలబెట్టలేదు అని సంతకం పెట్టినట్టు. ఇటు నుయ్యి అటు గొయ్యి. వదినకి నిన్న రాత్రి చెప్పాలనుకుంది, బూట్లు గుమ్మం బయటే విప్పి సంచీలో దాచింది, చెప్పలేదు. ఏమని చెప్పాలి? నీ కాలు ఫ్యాషనైంది వదినా అనా?

సంచీలో ఫోను కదిలింది. వదినే.

"వచ్చేటప్పుడు బల్బు పట్టుకురా. వంటింట్లోది పోయింది."

"సరే. వదినా..."

"ఊఁ."

"మన షూ మళ్ళీ చేశారు."

అటు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఏ షూ?"

"మనదే. లోపల ఎర్రగుడ్డ. కాలర్ మడిచి చేశారు. అప్పట్లో అది స్టైలంట."

వదిన పకపకా నవ్వింది. "స్టైలా? చర్మం ఊడొస్తుంటే మడిచాం కదే!"

"నా మంటా అదే. నీకు మండటం లేదా?"

"మండితే ఏం చేస్తాను, కుంటుకుంటూ వచ్చి కొడతానా? పోనీలే, ఇప్పటివాళ్ళ కాళ్ళన్నా బాగుంటాయి. తేలిగ్గా ఉందా?"

"ఉంది. చాలా బాగుంది" అంది ఆమె, తప్పు చేసినట్టు.

"ఎత్తితే లేస్తోందా?"

"లేదు. కుట్టేశారు."

  వదిన కోపం లేకుండా, నిజంగానే అర్థం కానట్టు అడిగింది.

"కుట్టేశారా? మరి ఆడాలంటే ఎలాగే?"

 బల్బు మర్చిపోకు అని వదిన ఫోను పెట్టేసింది. ఆడాలంటే ఎలాగ! నిన్న పొద్దున్నించీ బస్సెక్కింది, మెట్లెక్కింది, సబ్బు నీళ్ళు తొక్కింది, కోపంతో ఉడికిపోయింది గానీ, ఒక్కసారి, ఒక్కసారైనా గాల్లోకి ఎగిరి చూడలేదు. రోజంటే ఏమిటి మరి? రోజంటే బస్సూ క్యూ మాత్రమేనా? ఆఫీసు నుంచి వస్తూ సందులో పిల్లల బంతి ఎదురొస్తే ఎగరరా? ఎగిరితే ఎలా దిగుతారు, చీలమండ చుట్టూ ఉండాల్సింది కుట్టేసుకుని కింద పడుకుని ఉంటే? మేం మడిచాం, కుట్టలేదు. మడిచింది పని కోసం, ఎత్తింది ఆట కోసం, రెండూ కలిస్తేనే ఒక రోజు. నోరు విప్పి అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు. ఫొటోని అడిగారు, మనిషిని అడగలేదు. ఎవరూ అడగని ఆ మనిషి నోట, సొంతకాలు పాడైనా, పేరు గురించి ఒక్క ముక్క రాలేదు, నష్టం గురించి రాలేదు, వేసుకోబోయేవాళ్ళ ఆట గురించి వచ్చింది. ఆమె ఫోను సంచీలో పడేసి, ఆ మడతని ఇంకోసారి లాగి చూసింది.

"మేడమ్, రండి." తలుపు తీసి పట్టుకుంది కళ్ళజోడే. పొడుగాటి బల్ల, చుట్టూ మనుషులు, మధ్యలో అమ్మకాల పెద్దావిడ, చేతిలో కలం. వాళ్ళెవరూ ఆమె మొహం వైపు చూడలేదు, అలవాటు ప్రకారం కాళ్ళ వైపు చూశారు.

"చెప్పండి. రోజూ వేసుకోవచ్చా?"

"వేసుకోవచ్చు. మేం రోజూ వేసుకున్నాం. వేసుకోకపోతే ఈ గేటులోకి రానిచ్చేవారు కాదు" అంది ఆరో నంబరు. కళ్ళజోడు మొహం విచ్చుకోబోయి ఆగింది. "షూ బాగుంది బాబూ, నీ పనికి వంక పెట్టను. కానీ ముద్ర వేయొద్దు. ఆ కుట్టు విప్పాలి. ఆ కాలర్ లేవాలి. లేవకపోతే ఏమవుతుందో నా కళ్ళతో చూశాను. మడిచింది స్టైలు కోసం కాదు, మీ పెడల్ తొక్కలేక. మొదట మడిచినావిడ కాలు విరిగితే తప్పు ఆవిడదేనని బోర్డు మీద రాసి పనిలోంచి తీసేశారు. ఇవాళ అదే మడతని గోడెక్కించారు."

 కళ్ళజోడు బల్ల మీదున్న జతలో ఎడమ బూటు తీసుకుని మడత కింద వేలు పెట్టి చూశాడు. పెద్దావిడ కలం కింద పెట్టింది. "మాకు తెలీదండీ" అంది, గొంతు తగ్గించి. "ఆవిడ ఉన్నారా? అయితే ఒకసారి వచ్చి కనబడమనండి, మాట్లాడదాం."

"కనబడమనడానికి ఆవిడ ఉద్యోగం అడుక్కోవడానికి రావట్లేదు" అంది ఆమె, ఎవరూ కూర్చోమనకుండానే ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేను రమ్మంటే రారు. పంపించేసింది మీరు, పిలవాల్సింది కూడా మీరే. రోజూ వేసుకోవచ్చా అని ఆవిణ్ణి అడగండి, ఆవిడేం చెబితే నాదీ అదే మాట."

"సరే, పిలుస్తాం. ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆవిడ ఇంత దూరం నడవలేరు. కారు పంపండి."